తలుపుకు 60 రోజుల నోటీసు అంటించారు, బ్యాంకులో పలికేవాళ్లు లేరు

మిర్యాలగూడ గుమాస్తా:
రైస్‌మిల్లులో గుమాస్తాను. మిల్లు మూతపడి ఖాళీగా ఉన్న రోజుల్లో ఇంటి అప్పు కిస్తీలు అయిదు తప్పాయి. నెలకు 14,600. బాకీ మొత్తం, అంటే 11 లక్షల పైచిలుకు, 60 రోజుల్లో కట్టాలని తలుపుకు నోటీసు అంటించి పోయారు. ఇరుగుపొరుగు చూస్తారని అమ్మ రాత్రికి రాత్రే తడిగుడ్డతో రుద్దింది. కింది సగం ఊడింది, పైన బ్యాంకు ముద్ర మాత్రం అలాగే ఉంది.

నేటికి 38 రోజులు. శాఖకు ఆరుసార్లు వెళ్లాను. పాత మేనేజరు బదిలీ అయ్యారు. కొత్తాయన "హైదరాబాద్ వాళ్లు చూస్తున్నారు" అంటారు. హైదరాబాద్ నంబరు మోగుతూనే ఉంటుంది. ఇప్పుడు మిల్లు నడుస్తోంది, చిట్టీ ఎత్తి 80 వేలు తెచ్చాను, తీసుకునేవారే లేరు. ఒకాయన 20 వేలిస్తే సివిల్ కోర్టులో స్టే తెస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?

పాలమూరు పెద్దాయన:
తమ్ముడూ, ఆ 20 వేలు జేబులోనే ఉంచు. ఇది 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద వచ్చిన నోటీసు, అంటే బాకీ కోసం తనఖా ఇంటిని బ్యాంకు కోర్టుకెక్కకుండానే స్వాధీనం చేసుకుని అమ్ముకోనిచ్చే చట్టం. దాని 34వ సెక్షనే సివిల్ కోర్టులకు అడ్డుకట్ట.

నేను బ్యాంకులో మొండి బాకీల విభాగంలోనే రిటైరయ్యాను. నోటీసు మీద సంతకం అధీకృత అధికారిది, శాఖ మేనేజరుది కాదు. నీ కష్టం, కట్టగలిగే మొత్తం రాసి ఆయన పేరుకే, ముట్టినట్టు రసీదు వచ్చేలా పోస్టు చెయ్యి. నీ మాట ఒప్పుకోకపోతే ఎందుకో 15 రోజుల్లో నీకు రాయాలి. కౌంటరు దగ్గర నోటిమాటకు ఈ గడువు లేదు. నోటీసు అందుకుని ఉత్తరం రాసినవాళ్లను నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ ఉత్తరాలను పక్కన పడేయాలంటే మాకే భయం, రేపు ఈ కేసులు వినే రుణ వసూళ్ల ట్రిబ్యునల్లో అవే మా ముందు పెడతారు.

డబ్బు ఎవరి చేతికీ ఇవ్వనక్కరలేదు, రుణ ఖాతాలోనే జమ చెయ్యి. అయితే బకాయి అంతా వడ్డీతో తీరితేనే ఖాతా మొండి బాకీల్లోంచి బయటపడుతుంది. కిస్తీలే 73 వేలు. ముందు స్టేట్‌మెంటు తీసి చూడు.

మిర్యాలగూడ గుమాస్తా:
చాలకపోతే? 60 రోజులు దాటితే ఖాళీ చేయాలా?

పాలమూరు పెద్దాయన:
మర్నాడే తాళం పడదు. ముందు కాగితం మీద స్వాధీనం, రెండు పత్రికల్లో ప్రకటన. అప్పటి నుంచి 45 రోజుల్లో హైదరాబాద్‌లోని రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. వకీలు ఖర్చేదో అక్కడ పెట్టు. మీరు కదలకపోతే నల్గొండ కలెక్టరు ఉత్తర్వు తెచ్చి ఖాళీ చేయిస్తారు. వేలానికి 30 రోజుల నోటీసు ఇస్తారు కానీ దాన్ని నమ్ముకోవద్దు. ఒకప్పుడు అమ్మకం జరిగేదాకా బాకీ తీర్చి ఇల్లు విడిపించుకునే వీలుండేది, 2016 సవరణతో ఆ హక్కు వేలం ప్రకటన పడేదాకానే.

దేవరకొండ టీచరమ్మ:
బ్యాంకుకు రాసిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారికి, ఉచితంగా పంపవచ్చు. సందేహాలకు 14448. మాకు అది పంపాకే శాఖ నుంచి ఫోను వచ్చింది, అంతకుముందు మనిషినే చూడనట్టు ఉండేవారు. వేలం మాత్రం దానివల్ల ఆగదు. అప్పు హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీదైతే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు రాయాలి.

మిర్యాలగూడ గుమాస్తా:
పెద్దాయనా, ఉత్తరం పోస్టు చేశాను. అధికారి పేరు చూద్దామంటే అమ్మ రుద్దేసింది ఆ సగమే! ఫోనులో ఫొటో ఉండబట్టి బతికిపోయాను. స్టేట్‌మెంటు రేపు ఇస్తామన్నారు.