పైబాణం నొక్కితే కమాండ్ రావడం లేదు

ప్రశ్న (అనంతపురం): అన్నా, పాతూరులో ఒక బుడ్డల మండీ లెక్కల కంప్యూటర్ నేనే చూసుకుంటా. అందులో ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది. రోజూ షట్టర్ దించే ముందు బిల్లుల ఫోల్డర్‌ను ఆర్‌సింక్‌తో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తా. కమాండ్ పొడుగని నోట్స్ ఫైల్‌లో పెట్టుకుని టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) పేస్ట్ చేస్తా. కాపీ బాగానే అవుతుంది. తర్వాత పైబాణం నొక్కితే మాత్రం అది రాదు, అంతకుముందు కొట్టిన ఎల్ఎస్ (ఫైళ్ల పేర్లు చూపే కమాండ్) వస్తుంది. కొట్టిన కమాండ్ల జాబితా కోసం హిస్టరీ అని కొట్టినా అందులో లేదు. నిన్న ఏ ఫోల్డర్ పేరు ఇచ్చానో చూసుకుందామంటే ఆనవాలే లేదు. ఓనరు పక్కనే నిలబడ్డాడు, ఒకటే టెన్షన్. డిస్క్ పోతోందా?

జవాబు (కడప): డిస్క్‌కేం కాలేదు తమ్ముడూ. నోట్స్‌లో ఆ లైను మొదట్లో స్పేస్ ఉందేమో చూడు. ఉబుంటులో బ్యాష్ (టెర్మినల్‌లో మన కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్) మామూలుగా స్పేస్‌తో మొదలైన కమాండ్‌ను నడుపుతుంది కానీ హిస్టరీలో రాసుకోదు. నమ్మకం కుదరకపోతే ఒక స్పేస్ కొట్టి డేట్ అని ఇవ్వు. టైమ్ చూపిస్తుంది, పైబాణానికి మాత్రం రాదు. స్పేస్ లేకుండా ఇవ్వు, వస్తుంది.

హోమ్ ఫోల్డర్‌లోని డాట్ బ్యాష్‌ఆర్‌సీ ఫైల్లో హిస్ట్‌కంట్రోల్ అనే లైను ఉంటుంది. దాని విలువ ఇగ్నోర్‌బోత్. అంటే రెండు పనులు: స్పేస్‌తో మొదలైంది వదిలేయడం, వెంటవెంటనే కొట్టిన ఒకే కమాండ్‌ను ఒక్కసారే రాయడం. దాన్ని ఇగ్నోర్‌డూప్స్ అని మారిస్తే మొదటిది ఆగిపోతుంది. కొత్త టెర్మినల్ తెరిస్తే అమలవుతుంది.

కానీ మార్చొద్దనే నా మాట. పాస్‌వర్డ్ ఉన్న కమాండ్ కొట్టాల్సి వస్తే ఆ స్పేసే నిన్ను కాపాడుతుంది. పదిమంది కూర్చునే కంప్యూటర్లో హిస్టరీ ఎవరైనా తిరగేస్తారు. నోట్స్ సరిచేసుకో, చాలు.

కర్నూలు నుంచి: అన్నా, నాకు ఒకే కమాండ్ రెండుసార్లు కనబడుతోంది. రెండోది రాయకూడదు కదా?

జవాబు (కడప): రెండూ అచ్చంగా ఒకటేనా అక్కా? మధ్యలో ఎక్కడో ఒక స్పేస్ ఎక్కువ పడి ఉంటుంది. మనకు ఒకటే అనిపించినా బ్యాష్ అక్షరం అక్షరం పోలుస్తుంది, కాబట్టి దానికవి వేరువేరు. జడ్‌షెల్‌లో (బ్యాష్ లాంటిదే ఇంకో ప్రోగ్రామ్) అయితే హిస్ట్ రెడ్యూస్ బ్లాంక్స్ అనే ఆప్షన్ పెడితే ఆ అదనపు ఖాళీలను తీసేసి రాసుకుంటుంది. ఒక కమాండ్‌ను రెండుసార్లు కొట్టినా, మధ్యలో వేరే కమాండ్ ఉంటే రెండూ పడతాయి, అది మామూలే.

ఇంకో జాగ్రత్త: పాస్‌వర్డ్ ఇప్పటికే హిస్టరీలో పడి ఉంటే, హిస్టరీ పక్కన హైఫన్ డి, ఆ వరస నంబరు ఇచ్చి తీసేయండి. వెంటనే హిస్టరీ హైఫన్ డబ్ల్యూ ఇస్తేనే ఫైల్లోంచి కూడా పోతుంది. స్పేస్ పెట్టి కొట్టినా, కమాండ్ నడుస్తున్నంతసేపు పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపే కమాండ్) కొట్టిన వేరేవాళ్లకు అది కనబడొచ్చు. అందుకే పాస్‌వర్డ్‌ను కమాండ్‌లో రాయకుండా, అడిగినప్పుడు కొట్టడమే మేలు.

అనంతపురం: దొరికింది అన్నా. నోట్స్‌లో హెడ్డింగ్ కింద కాస్త జరిపి రాయాలని నేనే రెండు స్పేస్‌లు పెట్టినా. తీసేసి పేస్ట్ చేస్తే పైబాణానికి వచ్చేసింది. బ్యాష్‌ఆర్‌సీ ముట్టుకోలేదు.