జపాన్ కుర్రకారు పరాయి దేశస్తుల్లా తయారవడం: తిరుగుబాటా, అవమానమా?

నీలిమ: 90ల్లో టోక్యో షిబుయాలో హిప్‌హాప్ పిచ్చి ఉన్న కుర్రాళ్ళు చర్మాన్ని నల్లబరుచుకుని, సెలూన్లో డ్రెడ్‌లాక్స్ (తాళ్ళలా పాయలు కట్టిన జుట్టు) వేయించుకుని అమెరికా నల్లజాతి వాళ్ళలా తిరిగేవాళ్ళు. చర్మాన్ని బాగా నల్లబరుచుకుని, జుట్టుకి లేత రంగు వేసుకునే గంగురో ఫ్యాషన్ అమ్మాయిలూ అంతే. ఆ నల్లజాతి వాళ్ళ కష్టాల్లో ఒక్కటీ పడకుండా రూపం మాత్రం తీసుకోవడం అవమానం కాదా?

రవికిరణ్: నీలిమ గారూ, గంగురోని ఇందులో కలపకండి. వాళ్ళలో చాలామంది ఏ దేశం వాళ్ళనీ అనుకరించలేదు, ఆడపిల్లంటే తెల్లగా, ఒద్దికగా ఉండాలన్న లెక్కని కావాలనే తిరగేశారు. అయినా ఆ కాలం ఎలాంటిదో చూడండి, 90ల మొదట్లో షేర్లు, భూముల ధరల బుడగ (బబుల్) పేలిపోయి కంపెనీలు కొత్తవాళ్ళని తీసుకోవడం బాగా తగ్గించేశాయి, బుద్ధిగా చదివితే జీవితాంతం ఉద్యోగం అని ఇంట్లో చెప్పిన మాట ఆ పిల్లల దగ్గరికి వచ్చేసరికి పనిచేయలేదు. స్కూల్లో జుట్టు రంగు కూడా వాళ్ళ చేతిలో లేదు. ఒసాకాలో ఒక విద్యార్థిని, తన జుట్టు పుట్టుకతోనే గోధుమరంగు అని చెప్పినా నల్ల రంగు వేసుకోమంటున్నారని 2017లో కోర్టుకెక్కింది. అలాంటి చోట ఇంకో మనిషిలా బతకాలనిపించదా?

నీలిమ: అనిపిస్తుంది, కాదనను. కానీ అరియానా మియామోటో సంగతేంటి? నాగసాకి ప్రాంతంలోని ససెబో అమ్మాయి, తండ్రి ఆఫ్రికన్ అమెరికన్. 2015లో మిస్ యూనివర్స్ జపాన్‌గా గెలిస్తే, జపాన్ అమ్మాయిలా లేదని నెట్‌లో తిట్టారు. ఫ్యాషన్ కోసం నల్లబడినవాడు ఉద్యోగం రాగానే మానేస్తాడు. ఆమెకి ఆ వీలు లేదు, నాకు కోపం అక్కడే.

సుజాత: అందరినీ ఒకే గాటన కట్టొద్దండీ. జమైకా రెగే పాటలు వాయించే యోకొహామా బృందం మైటీ క్రౌన్ 1999లో న్యూయార్క్‌లో వరల్డ్ క్లాష్ అనే రెగే పోటీ గెలిచింది. 2002లో జుంకో కుడో జమైకాకే వెళ్ళి అక్కడి డాన్స్‌హాల్ క్వీన్ అనే నాట్య పోటీ గెలిచింది. ఆ కళని పుట్టించినవాళ్ళ ముందే నిలబడి, వాళ్ళ చేత ఒప్పించుకున్నారు. దాన్ని వేషం అంటే నేను ఒప్పుకోను.

రవికిరణ్: అయితే పోటీ గెలిచినవాళ్ళకేనా హక్కు? చదువులో వెనకబడి, పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ శనివారం రాత్రి క్లబ్బులో మాత్రమే తలెత్తుకు తిరిగే కుర్రాడి మాటేమిటి?

నీలిమ: వాడు ఏ పోటీ గెలవక్కర్లేదు రవి గారూ. వాడి క్లాసులోనే నల్లజాతి తండ్రికి పుట్టిన పిల్లని మిగతావాళ్ళు ఏడిపిస్తుంటే అడ్డు నిలబడితే చాలు, తర్వాత డ్రెడ్‌లాక్స్ వేసుకున్నా నేను మాట్లాడను.