బ్రేకు వేయడం, బ్రేకు పట్టడం

‘బ్రేకు వేశాడు’, ‘బ్రేకు కొట్టాడు’, ‘బ్రేకు పట్టింది’ అనే మూడు ప్రయోగాలలో ఏది సరైనదని నిన్న మన బృందం చర్చలో ఒక మిత్రుడు అడిగారు. మూడూ సరైనవే గానీ, వాటిని ఒకదానికొకటి పర్యాయపదాలుగా చూడటం సరికాదని నా అభిప్రాయం. వేయడం, కొట్టడం, తొక్కడం బండి నడిపేవాడి పనులు. పట్టడం బ్రేకు పని. ‘బ్రేకు వేశాను గానీ పట్టలేదు’ అన్నప్పుడు కాలు తన పని చేసిందనీ, చక్రం దగ్గర జరగవలసినది జరగలేదనీ ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది. ఈ తేడాను తెలుగు ఇంత చక్కగా నిలుపుకున్నందుకు నాకు సంతోషంగా ఉంటుంది.

డ్రమ్ము బ్రేకు విషయంలో ‘పట్టు’ అన్న క్రియ అక్షరాలా నిజం. మన హైదరాబాదులో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి. డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే గుండ్రటి ఇనుప డొల్ల. దాని లోపల, తిరగకుండా, నెలవంక ఆకారంలో రెండు షూలు ఎదురెదురుగా ఉంటాయి. పెడల్ తొక్కితే, పెడల్ వైపు ఉండే మాస్టర్ సిలిండరులోని బ్రేకు ఆయిలు మీద పడే ఒత్తిడి, గొట్టాల గుండా చక్రం దగ్గరి వీల్ సిలిండరుకు చేరి, షూలను బయటికి నెడుతుంది; వాటి మీద అంటించిన ఒరిపిడి పొరలు, అంటే లైనర్లు, డ్రమ్ము లోపలి గోడకు ఒరుసుకుంటాయి. ఇక్కడే అసలు విశేషం ఉంది. రెండు షూలలో ఒకదాన్ని, తిరుగుతున్న డ్రమ్మే ఒరిపిడితో తనవైపు లాక్కుని ఇంకా గట్టిగా అదుముకుంటుంది. అంటే బండి వేగమే బండిని ఆపడానికి కొంత బలాన్ని అందిస్తుంది. రెండో షూను మాత్రం అదే ఒరిపిడి వెనక్కి నెడుతుంది. రివర్సులో ఈ రెండు పాత్రలూ తారుమారవుతాయి. కాలు తీయగానే స్ప్రింగులు షూలను వెనక్కి లాగేస్తాయి. ఫ్రెంచి కార్ల తయారీదారు లూయీ రెనో 1902లో రూపొందించిన డ్రమ్ము బ్రేకు నుంచి నేటిదాకా మూలసూత్రం మారలేదు.

ఇదే క్రియకు ‘వేయు’ చేరిస్తే అర్థం తిరగబడుతుంది. వానాకాలంలో హ్యాండ్ బ్రేకు లాగి వారాల తరబడి నిలిపిన కారును కదిలించబోతే వెనుక చక్రం తిరగకపోవచ్చు. లైనరు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుపోయి ఉంటుంది. ‘బ్రేకు పట్టేసింది’ అంటాం, మెకానిక్కులు ‘జామ్ అయింది’ అంటారు. పట్టడం గుణం, పట్టేయడం దోషం.

‘పవర్ బ్రేకు’ అంటే ఇంజను శక్తి నేరుగా బ్రేకును నొక్కుతుందని చర్చలో ఒకరు రాశారు. అది పూర్తిగా నిజం కాదు. బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు వెనుక గోడకు ఆనుకుని కనిపించే నల్లటి గుండ్రని డబ్బాయే బూస్టరు, అంటే కాలి బలానికి సాయపడే భాగం. దాని లోపలి రబ్బరు పొరకు రెండు వైపులా ఉన్న గాలిని పెట్రోలు ఇంజను తాను గాలి పీల్చే గొట్టం ద్వారా తోడేస్తుంది. డీజిలు బండికి ఆ పనికి వేరే వాక్యూమ్ పంపు ఉంటుంది. పెడల్ తొక్కగానే చిన్న వాల్వు తెరుచుకుని, పొరకు కాలివైపున మాత్రమే బయటి గాలి చొరబడి దాన్ని ముందుకు నెడుతుంది. కనుక ఇంజను చేసేది ఖాళీ (వాక్యూమ్) సృష్టించడం, నెట్టేది మన చుట్టూ ఉన్న గాలి. పొర వ్యాసం 20 సెంటీమీటర్లు అనుకుంటే వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో బలంతో ఒత్తే గాలిలో మూడింట రెండు వంతుల తేడా దొరికినా, దాదాపు 200 కిలోల తోపు కాలికి తోడవుతుంది.

అందుకే పత్రికలలో ప్రతి ప్రమాదానికీ వాడే ‘బ్రేకులు ఫెయిలై’ అన్న మాట నాకు తృప్తినివ్వదు. డ్రైవర్ల తెలుగు అంతకంటే నిశితమైనది. ‘పెడల్ గట్టిపడింది’ అంటే బూస్టరు సాయం పోయిందని మొదట అనుమానించాలి. ‘మెత్తబడింది, లోపలికి పోతోంది’ అంటే ఆయిలు కారిపోయిందో, గొట్టాల్లో గాలి చేరిందో చూడాలి. మొదటి సందర్భంలో బ్రేకు ఉంది, కాలికి మాత్రం ఎన్నో రెట్లు బలం కావాలి. పెట్రోలు ఆదా అవుతుందని పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే దిగే ర్యాంపు మీద ఇంజను ఆపేసే వారికి ఎదురయ్యేది ఇదే: బూస్టరులో మిగిలిన ఖాళీ కొద్ది తొక్కుళ్లకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా నిలుస్తుంది.

బూస్టరును పరీక్షించడం తేలికే. ఇంజను ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కి, అలాగే నొక్కి ఉంచి ఇంజను స్టార్టు చేయండి; పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్టే. గొట్టాల్లో గాలి చేరడాన్ని ఇక్కడి మెకానిక్కులు ‘ఎయిర్ పట్టింది’ అంటారు. మళ్లీ అదే క్రియ. ఇతర జిల్లాల సభ్యులు తమ షెడ్లలో దీన్ని ఏమంటారో రాయగలరు.