చేతితో ముడులేసిన తివాచీ వాష్‌కి ఎక్కడ ఇవ్వాలి? కుచ్చులు కూడా ఊడుతున్నాయి

హబ్సిగూడ_లత
మా మామగారు ఎప్పుడో శ్రీనగర్ నుంచి తెచ్చిన ఉన్ని తివాచీ, ఆరు బై తొమ్మిది. మొన్న చుట్టాల పిల్లాడు దాని మీద కాఫీ ఒలకబోశాడు. మా అత్తగారు తడిగుడ్డ పెట్టి గట్టిగా రుద్దేసరికి ఎర్ర రంగు పక్కనున్న తెల్ల పువ్వులోకి దిగింది. ఒక చివర కుచ్చులు ఊడి ముడులు కూడా వదులవుతున్నాయి. హైదరాబాద్‌లో మంచి చోటు చెప్పండి. వాష్ ముందా, రిపేర్ ముందా? ఎంతవుతుంది? మామగారు ఊరి నుంచి వచ్చేలోపు తేలాలి, ఒకటే టెన్షన్.

గోదారి_గట్టు
మామూలు డ్రైక్లీనింగ్ షాపుకి మాత్రం ఇవ్వకండి, దణ్ణం పెడతాను. మా నాయనమ్మ ఏలూరులో, తంగెళ్ళమూడి మగ్గాల మీద నేయించుకున్న తివాచీ ఒకటి ఉండేది. ఓ షాపులో ఇస్తే అంచు పొడవునా మిషన్ కుట్టు వేసి పంపారు. కుచ్చులంటే తర్వాత అతికించిన లేసు అనుకున్నారు వాళ్లు. అవి తివాచీ పొడవునా సాగే పడుగు దారాల కొసలండీ! సూది పోట్లకి ఆ దారాలే తెగి, రెండేళ్లు తిరక్కుండా అంచంతా ఊడొచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

పడుగుపేక
నేను మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను, ఇప్పుడు చేసేది కూడా తివాచీల రిపేరే. కాబట్టి నా మాట వినండి. ముందు ఊడుతున్న అంచుని చేత్తో, నూలు దారంతో తాత్కాలికంగా కట్టించండి. లేకపోతే నీళ్ల బరువుకి మరో నాలుగు వరసలు పోతాయి. ఆ తర్వాత వాష్. అసలు రిపేర్ ఆఖర్న. మురికి మీద రంగు చూసి ఉన్ని దారం ఎంచితే, కడిగాక ఆ అతుకు వేరే రంగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.
కడిగే ముందు వెనక్కి తిప్పి దుమ్ము దులపాలి. ముడుల అడుగున ఇసుక ఉండిపోతే నడిచినప్పుడల్లా అది ఉన్నిని కోస్తుంది. తర్వాత తడిపిన తెల్ల గుడ్డని ఒక్కో రంగు మీద కాసేపు అదిమి చూడాలి. గుడ్డకి రంగు అంటిందా, ఆ తివాచీని నానబెట్టకూడదు.

కాకినాడ_అమ్మమ్మ
ఇంత హంగామా ఎందుకమ్మా? కుంకుడుకాయ రసం తీసి చల్లటి నీళ్లలో కలిపి ఉతుక్కోవడమే. మా ఇంట్లో పట్టుచీరల దగ్గర నుంచి జంపఖానాల దాకా అన్నీ దాంతోనే.

పడుగుపేక
అమ్మా, తివాచీకి కుంకుడు రసం వద్దు. ఉన్నికి పెద్ద హాని లేకపోవచ్చు. కానీ పడుగూ కుచ్చులూ నూలు. రసం పూర్తిగా వదలకపోతే ఆరేటప్పుడు ఆ కుచ్చులు గోధుమరంగుకి తిరుగుతాయి. ఇంట్లో బకెట్ నీళ్లతో ఆ మందంలోంచి రసం వదలగొట్టడం కష్టం.

కాకినాడ_అమ్మమ్మ
మా పెద్దవాళ్లంతా తెలివితక్కువవాళ్లా అయితే? మీ బట్టల పౌడర్ల కంటే వందరెట్లు నయం.

పడుగుపేక
పౌడర్ వాడమని నేనెక్కడ అన్నాను? వాటిలో క్షారం ఉంటుంది, కొన్నిటిలో మరకని కొరికే ఎంజైములుంటాయి. ఉన్ని కూడా ప్రోటీనే కదా, దాన్నీ కొరుకుతాయి. ఉన్ని బట్టల కోసం అమ్మే లిక్విడ్ కొద్దిగా చాలు. జంపఖానా అంటే ముడులు లేని నూలు నేత, ముడుల తివాచీ వేరు. జంపఖానాని బండకేసి ఉతికినా ఏమీ కాదు.

కొత్తవాడ_బిడ్డ
ఏమన్నా, జంపఖానా అంటే అంత చిన్నచూపా? బండకేసి ఉతుకుతరా? వరంగల్ జంపఖానాకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, తెలుసా? మా కొత్తవాడల పడుగు మీద డిజైన్ కట్టి, రంగులద్ది, అప్పుడు నేస్తరు. బండకేసి కొడితే అంచుల పేక, అంటే అడ్డం దారం, జారుతది. తెలియని సంగతి మాట్లాడొద్దు.

పడుగుపేక
తమ్ముడూ, తక్కువ చేయలేదు. నూలుకి తడి బలం ఎక్కువ, తడిస్తే ఉన్ని నీరసపడుతుంది. నేనన్నది అంతే.

కొత్తవాడ_బిడ్డ
మరి అట్ల చెప్పాలె కదా. ఉతకొచ్చు, కొట్టొద్దు. నీడల ఆరెయ్యాలె.

డాలస్_వంశీ
ఇక్కడ మాకు ఇంటికొచ్చి స్టీమ్ చేస్తామన్న కంపెనీ ఒకటి తగిలింది. పైపైన మెరిసింది, వారానికి అడుగునున్న మరక మళ్లీ పైకొచ్చింది. తర్వాత తివాచీని తీసుకెళ్లి నీళ్లలో పూర్తిగా ముంచి కడిగే చోటు వెతికి ఇచ్చాను. మా ఇరానీ తివాచీ ఇప్పుడు ధగధగలాడుతోంది. ఇంకో సంగతి, సోఫా కిందున్న భాగం ఎత్తి చూడండి. మాకు అక్కడ పురుగు పట్టి, బూరంతా తినేసి నూలు మాత్రమే మిగిల్చింది. తినేది పైన ఎగిరేది కాదు, దాని పిల్ల పురుగు. చీకటి, కదలిక లేని చోటు దానికి కావాలి.

కాకినాడ_అమ్మమ్మ
కలరా ఉండలు వేస్తే ఏ పురుగూ రాదు.

డాలస్_వంశీ
గాలాడే గదిలో వాటితో ఏం లాభం లేదండీ. అప్పుడప్పుడూ తిప్పి, రెండు వైపులా వాక్యూమ్ పెట్టడమే. తిరిగే బ్రష్ తీసేసి పెట్టండి, అది కుచ్చుల్ని లాగేస్తుంది.

మియాపూర్_రవి
నా తివాచీ కూడా చేతి పనే. వెనక గుడ్డ అంటించి ఉంది. అడుగున తెల్లటి పొడి రాలుతోంది. ఏ వాష్ మంచిది?

పడుగుపేక
వెనక గుడ్డ ఉంటే అది ముడుల తివాచీ కాదు, టఫ్టెడ్. గన్‌తో ఉన్ని గుచ్చి లేటెక్స్ జిగురుతో అతికిస్తారు. ఆ పొడి ఎండిపోయిన జిగురే. దానికి రిపేర్ చేయించడం చాలాసార్లు దండగే.

మియాపూర్_రవి
షోరూమ్‌లో హ్యాండ్‌మేడ్ అని రాసిచ్చారు! బిల్లు నా దగ్గర ఉంది. చూడకుండా ఎలా తేలుస్తారు?

పడుగుపేక
గన్ పట్టుకునేదీ చెయ్యే కాబట్టి అలా రాస్తారు. అసలైన ముడుల తివాచీని తిరగేస్తే పైనున్న డిజైనే వెనకా కనిపిస్తుంది. కోపం నా మీద కాదు, మీకు అలా అమ్మినవాళ్ల మీద రావాలి.

గోదారి_గట్టు
లత గారి ప్రశ్న ఎటో పోయింది. చలికాలంలో శాలువాలు అమ్మే కాశ్మీరీలు హైదరాబాద్ వస్తారు కదా, వాళ్లని అడగండి. రఫూ (చిరుగుని దారంతో అల్లి కలపడం) చేసేవాళ్లు వాళ్లకి తెలుస్తారు. మా పిన్ని శాలువా అలాగే బాగైంది.

హబ్సిగూడ_లత
తిప్పి చూశాను, డిజైన్ వెనక కూడా ఉంది. అంగుళానికి పద్దెనిమిది ముడులు లెక్కకొచ్చాయి. తెల్ల గుడ్డ అదిమితే ఎరుపు ఒక్కటే అంటింది, నీలం అంటలేదు. ఆ తెల్ల పువ్వులోకి దిగిన ఎరుపు పోతుందా? రేటు మాత్రం ఎవరూ చెప్పలేదు.

పడుగుపేక
అడ్డంగా పద్దెనిమిది, నిలువునా పద్దెనిమిది అయితే చదరపు అంగుళానికి 324 ముడులు, మంచి పని. ఎరుపు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. బ్లీచ్ పెడతామంటే వెంటనే వెనక్కి తెచ్చేసుకోండి. రేటు చదరపు అడుగు లెక్కన అడగండి, అంచు కట్టడానికి విడిగా అడగండి. రెండూ కలిపి ఒకే అంకె చెప్పేవాడు మిషన్ కుట్టే వేస్తాడు.

కొత్తవాడ_బిడ్డ
అక్కా, చుట్టేటప్పుడు మడతపెట్టకు. గొట్టం మీద చుట్టు, ప్లాస్టిక్ కవర్ వద్దు, పాత దుప్పటి చాలు.