లోడర్ ట్రాక్టర్‌కి లూజు 68 ఆయిల్ చాలా, కంపెనీ ఆయిలే పోయాలా?

రాజాం రైతు:
వరి ఉభాలు (నాట్లు) అయిపోయాయి, ట్రాక్టర్‌కి మళ్లీ లోడర్ తగిలించి గత్తం ఎత్తే పనిలోకి దింపాలి. బకెట్ పైకెత్తి లీవర్ వదిలేస్తే మెల్లగా దిగిపోతోంది. ఆయిల్ మార్చే టైము కూడా వచ్చింది. ఊళ్లో సగం మంది డ్రమ్ములో అమ్మే లూజు 68 నంబరు హైడ్రాలిక్ ఆయిల్ పోసేయమంటున్నారు, మిగతావాళ్లు మాన్యువల్లో రాసిందే పోయమంటున్నారు. రేటులో చాలా తేడా ఉంది. మీరేం పోస్తున్నారు?

బొబ్బిలి లోడర్:
68 పోసెయ్ బావా. మట్టి పని చేసే పెద్ద మెషిన్లలో చాలావాటికి హైడ్రాలిక్స్‌లో అదే పోస్తారు, మన ట్రాక్టర్‌కి ఏటవుతుంది? నా లోడర్‌కి మొదటి నుంచీ అదే. మే నెల ఎండలో కూడా బకెట్ నిండా ఇసుక ఎత్తుతోంది.

పాలకొండ మెకానిక్:
బొబ్బిలి అన్నా, మీ లోడర్‌కి విడిగా ట్యాంకు, విడిగా పంపు ఉన్నాయా? ఉంటే 68 సరైన ఆయిలే, నాకు పేచీ లేదు. కానీ చాలా ట్రాక్టర్లలో గేర్లు, లిఫ్ట్, ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు, ఈ మూడింటికీ ఒకటే ఆయిల్, లోడర్ కూడా అందులోంచే తాగుతుంది. దానికోసం తయారుచేసిందే యూటీటీఓ (యూనివర్సల్ ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్) రకం. 68 అన్నది చిక్కదనం నంబరు మాత్రమే, 40 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది, అంతే. గేరు పళ్ల మీద పడే ఒత్తిడికి, బ్రేకు ప్లేట్ల పట్టుకి కావలసిన మందులు అందులో ఉండవు. లిఫ్ట్ బాగానే లేస్తుంది కాబట్టి తేడా తెలియదు, కొన్నాళ్లకు బ్రేకు తొక్కితే అరుపు, ఆ తర్వాత ప్లేట్లు. ఆయిల్‌లో మిగిలిన డబ్బుకి ఎన్నో రెట్లు అక్కడ పోతుంది.

బొబ్బిలి లోడర్:
నాది విడి ట్యాంకే, ఒప్పుకుంటా. కానీ కౌలు రైతు పరిస్థితి కూడా చూడాలి కదా. కామన్ ట్యాంకు అంటే మోడల్‌ని బట్టి 30 నుంచి 60 లీటర్లు. అంత ఆయిల్ మాన్యువల్లో రాసినన్ని గంటలు బండి నడవగానే పారబోయమంటే ఎవరి వల్ల అవుతుంది? పాత ఆయిల్ గుడ్డతో వడకట్టి మళ్లీ పోసేవాళ్లు మా వైపు బోలెడుమంది, బళ్లు నడుస్తూనే ఉన్నాయి.

పాలకొండ మెకానిక్:
గుడ్డ మాత్రం వద్దు, దయచేసి. పంపులో, వాల్వులో సందులు కంటికి కనపడనంత సన్నం, వాటిని అరగదీసే ధూళి గుడ్డలోంచి దిగిపోతుంది, పైగా గుడ్డ నూలు పోగులు లోపలికెళ్లి జాలికి అడ్డం పడతాయి. అప్పుడు పంపుకి ఆయిల్ అందక కూత పెడుతుంది.

గంటల విషయంలో నా మాట ఇంకోలా ఉంటుంది. మన దగ్గర ఆయిల్‌ని చంపేది గంటలు కాదు, దమ్ము. ఇరుసు దాకా బురదనీళ్లలో తిరిగాక సీళ్ల పక్కనుంచి నీరు లోపలికి వెళ్తుంది. ఆయిల్ పాలలా తెల్లబడితే, మొన్ననే మార్చినా సరే, దించెయ్యాల్సిందే, నీళ్లు వచ్చే సీలు కూడా మార్చాలి. అనుమానంగా ఉంటే రెండు చుక్కలు కాలిన ఇనుప రేకు మీద వేయండి, చిటపటలాడితే నీరున్నట్టే. రాత్రంతా కదపకుండా ఉంచి పొద్దున్నే డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసినా, విడిగా ఉన్న నీళ్లు ముందు దిగుతాయి. అవేం లేకపోతే మాన్యువల్ గంటల దాకా ధైర్యంగా నడుపుకోండి, ఫిల్టరు మాత్రం టైముకి మార్చండి.

టెక్కలి ట్రాక్టర్:
మీరంతా ఆయిల్ దగ్గరే ఆగిపోయారు. బకెట్ దిగిపోతోంది అంటే ముందు చూడాల్సింది సిలిండర్ లోపల పిస్టన్ సీలు, కంట్రోల్ వాల్వు. సీలు పోయాక ఏ ఆయిల్ పోసినా దిగుతుంది. మా భావనపాడు వైపు ఉప్పుగాలికి రాడ్ మీద గుంటలు పడి, అవి బయటి సీలుని కోసేస్తాయి. అందుకే బండి ఆపేటప్పుడు బకెట్ నేల మీద పెట్టి, రాడ్లు వీలైనంత లోపలికి ఉండేలా చూస్తాం, బయట మిగిలిన భాగానికి గ్రీజు పూస్తాం. ఇంకోటి, హోస్ పైపు ఎక్కడ కారుతుందో చేత్తో తడిమి చూడకండి. సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది, అది చెయ్యే తీసేసేంత ప్రమాదం. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఎత్తిన బకెట్ కిందకి సపోర్టు లేకుండా ఎవరూ వెళ్లొద్దు, పిల్లల్ని అసలే రానివ్వొద్దు.

రాజాం రైతు:
నాది ఒకటే ట్యాంకు, బ్రేకులు కూడా ఆయిల్‌లోనే, ఈ ఏడు దమ్ము కూడా చేసింది. అయితే 68 వద్దు. బకెట్ అంచు కూడా అరిగిపోయింది, దానికి పట్టీ వెల్డింగ్ చేయిద్దామనుకుంటున్నా.

పాలకొండ మెకానిక్:
చేయించు తమ్ముడూ, కానీ వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీగలు విప్పించు, ఎర్తు క్లిప్పు బకెట్ మీదే, అతికే చోటుకి దగ్గరగా పెట్టమను. ట్రాక్టర్ బాడీకి పెడితే కరెంటు పిన్నుల్లోంచి, బుష్‌లలోంచి పోతుంది, అవి పాడవుతాయి.

బొబ్బిలి లోడర్:
వెల్డింగ్ కన్నా బోల్టు పట్టీ మేలు. ఒక అంచు అరిగాక తిప్పి బిగించుకోవచ్చు. దీని మీద కూడా కాదంటావా మెకానిక్?

పాలకొండ మెకానిక్:
ఇందులో మాత్రం నీతోనే ఉన్నా అన్నా.