కాందిశీకుడు, శరణార్థి ఒకటేనా?

శరణార్థి అనే తేలిక మాట ఉండగా ‘కాందిశీకుడు’ ఇంకా ఎందుకని ఒక మిత్రుడు అడిగారు. నాకు రెండూ కావాలి.

‘కాందిశీకో భయద్రుతః’ అంది అమరకోశం. భయంతో పరుగు తీసినవాడని అర్థం. ‘కాం దిశం యామి’, ఏ దిక్కుకు పోదునన్న ప్రశ్నే ఆ మనిషికి పేరైంది. శరణార్థి మన గుమ్మం ముందుకు వచ్చి అడిగేవాడు. అడిగినది ఇవ్వడం, ఇవ్వకపోవడం మన చేతిలో ఉంది. అతను ప్రాణభయంతో పరుగెత్తాడన్నది మాత్రం మనం ఒప్పుకున్నా లేకున్నా నిజమే.

1942లో జపాను సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు అడవి దారుల్లో కాలినడకన వచ్చిన తెలుగువాళ్లు, 1962 తర్వాత నె విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక ఓడలెక్కి వచ్చినవాళ్లు, అందరూ మనకు ‘బర్మా కాందిశీకులే’. విశాఖలో బర్మా క్యాంపు నేటికీ ఉంది.

హైదరాబాదు రెవెన్యూ తగాదాల్లో వినిపించే ‘కాందిశీకుల భూములు’ మాత్రం వచ్చినవాళ్లవి కావు. దేశ విభజనప్పుడు పాకిస్తాన్ వెళ్లిపోయినవాళ్లు వదిలిన ఆస్తులవి. 1950 చట్టంతో ప్రభుత్వ సంరక్షణలోకి వెళ్లాయి. ఇటువంటి ఆస్తుల నుంచే అటునుంచి వచ్చినవాళ్లకు 1954 చట్టం కింద పరిహారం ఇచ్చారు. పోయినవాడూ కాందిశీకుడే, వచ్చినవాడూ కాందిశీకుడే. ఇంత న్యాయమైన మాట మరొకటి నాకు తోచదు.

పరాయి దేశం నుంచి పారిపోయి వచ్చేవాళ్ల విషయంలో నేటి మన చట్టంలో ఈ రెండు మాటలకూ చోటు లేదు. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారత్ సంతకం చేయలేదు. 1946 విదేశీయుల చట్టానికైనా, దాని స్థానంలో వచ్చిన 2025 చట్టానికైనా పౌరుడు కానివాడు విదేశీయుడు, అంతే. 1959 నుంచి టిబెటన్లకు, 1983 నుంచి శ్రీలంక తమిళులకు దొరికిన ఆశ్రయం ప్రభుత్వ ఉత్తర్వుల మీద నడిచినదే. మయన్మార్ (బర్మా) నుంచి వచ్చి హైదరాబాదు బాలాపూర్‌లో తలదాచుకున్న రోహింగ్యాల చేతిలో ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డు ఉంటుంది. కేంద్రం దృష్టిలో వాళ్లు అక్రమ వలసదారులు. వాళ్లను ఉండనివ్వాలా, పంపాలా అన్నది వాదించుకోవలసిన విషయమే. కానీ పత్రికలు కూడా ‘అక్రమ వలసదారులు’ అని రాసేస్తే, ఊళ్లు తగలబడి పారిపోయి వచ్చారన్న సంగతి వార్తలోంచే పోతుంది. వాదన మొదలుకాకముందే తీర్పు అయిపోతుంది. ఇది నాకు చాలా బాధగా ఉంది. వార్త రాసేవాళ్లు కాందిశీకులనే రాయాలని నా మనవి.

కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాంలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు స్థిరపడ్డారు. అక్కడి తెలుగువాళ్లు వాళ్లను ఏమని పిలుస్తారో ఆ ప్రాంత మిత్రులు రాయగలరా?