పల్లవిలో చిలకలు సరే, ఏనుగులు ఎక్కడ?

పల్లవిలో ఏదో ఒక జీవి పేరున్న పాటలు చెప్పమని మన మదనపల్లె అక్క అడిగినప్పటి నుంచి గ్రూపులో లిస్టు పెరుగుతూనే ఉంది. ముప్పాతిక వంతు చిలకలూ కోయిలలే. పావురాలు కొన్ని. నాలుగు కాళ్లవి దాదాపు లేవు. "మన కవులకు ఏనుగూ గుర్రమూ కనబడలేదా?" అని కుప్పం అన్న అడిగినదానికి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మన పాటలకు విడిగా పేరు పెట్టే అలవాటు తక్కువ. పల్లవి మొదటి మాటలే పాట పేరు. ఆ ఎత్తుగడ చాలాసార్లు ఎవరినో పిలవడంతోనే మొదలవుతుంది. మనుషుల్ని పేరు పెట్టి పిలవలేని చోట పిట్టను పిలుస్తాం. శుభలగ్నం (1994)లో సిరివెన్నెల రాసిన 'చిలకా ఏ తోడు లేక' చూడండి. కోటి రూపాయలకు మొగుణ్ని వదులుకున్న ఆవిడ ఒంటరిగా మిగిలినప్పుడు వచ్చే పాట. ఆమెనే పేరు పెట్టి పిలిచి ఉంటే నిలదీసినట్టు ఉండేది. చిలకా అనేసరికి మందలింపులో జాలి కలిసింది. చూడాలని వుంది (1998)లోని 'రామ్మా చిలకమ్మా'లో చిలక వేరు. అక్కడ అది చిందెయ్యడానికి పిలుపు.

కోయిల సంగతి ఇంకోలా ఉంటుంది. సీతామాలక్ష్మి (1978)లో దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన 'మావిచిగురు తినగానే' పాటలో కోయిలను ఎవరూ పిలవరు. చిగురు తిన్నందుకు కోయిల పలికిందా, కోయిల పలికినందుకు చిగురు తొడిగిందా అని అడుగుతారంతే. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మామిడితోటల పక్కన పెరిగినవాళ్లకు ఆ పాట మీద ఇష్టం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. అన్నట్టు, 'కుహూ' అని కూసేది మగ కోయిల. పాటల్లో మాత్రం ఎక్కువగా కోయిలమ్మే.

ఏనుగు కావాలంటే చరణాల్లోకి వెళ్లాలి. అన్నమయ్య 'తందనాన' పల్లవి రానివాళ్లు తిరుపతిలో ఉండరు. దాని చివరి చరణం ఇలా మొదలవుతుంది: "కడగి యేనుగు మీద గాయు యెండొకటే, పుడమి శునకము మీద పొలయు నెండొకటే." రాజు నిద్రా బంటు నిద్రా ఒకటే అని ముందే చెప్పాడు. ఇక్కడ ఏనుగునీ కుక్కనీ ఒకే ఎండలో నిలబెట్టాడు. మే నెలలో మన రోడ్ల మీద నడిచినవాళ్లకు ఆ ఎండ ఎలాంటిదో తెలుసు.

నాకు అంతకన్నా ఇష్టమైనది 'తిరువీధుల మెరసీ దేవదేవుడు'. ఈ పల్లవిలో ఒక్క జంతువూ లేదు, అందుకే మన లిస్టులోకి రాలేదు. చరణాల్లో మాత్రం తిరుమల బ్రహ్మోత్సవాల వాహనాలు రోజువారీగా ఉన్నాయి. రెండవనాడు శేషుడు, అయిదవనాడు గరుడుడు, ఆరవనాడు ఏనుగు, ఎనిమిదవనాడు తేరూ గుర్రమూ. అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. ఇప్పుడు బ్రహ్మోత్సవాల కార్యక్రమం పక్కన పెట్టుకుని ఈ పాట చదవండి. ఈనాటికీ గరుడసేవ అయిదో రోజు రాత్రే. గజవాహనం ఆరో రోజు, రథమూ అశ్వవాహనమూ ఎనిమిదో రోజు. తేడాలూ ఉన్నాయి. హంస, సింహం, హనుమంతుడు ఈ కీర్తనలో కనబడరు. పాటలో పదోనాడు పెండ్లిపీట కూడా ఉంది, ఇప్పుడేమో తొమ్మిది రోజులే. ఉత్సవం చూడాలనుకునేవాళ్లకు గరుడుడు, ఏనుగు, తేరు, గుర్రం ఏ రోజో చెప్పడానికి నాకు ఇప్పటికీ ఈ కీర్తనే చాలు.

"గరుడ గమన గరుడధ్వజ కూడా అన్నమయ్యదే కదా, అందులో పల్లవిలోనే గరుడుడు ఉన్నాడే" అని ఒకరు కింద రాశారు. నిజమే, లిస్టులో చేర్చాలి. కాకపోతే అక్కడ పిలుపు స్వామికి, గరుడుడికి కాదు. చిలకమ్మ పాటలకూ దీనికీ తేడా అదే.

ఏనుగును మొదటి మాటలోనే పెట్టుకున్న పాట ఒకటి మనందరికీ వచ్చు, చిన్నపిల్లలకు పాడేది:

ఏనుగమ్మ ఏనుగు
ఏ ఊరొచ్చింది ఏనుగు
మా ఊరొచ్చింది ఏనుగు
మంచినీళ్లు తాగింది ఏనుగు

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచు ఊళ్లలో మూడో పాదం వింటే ఒళ్లు జలదరిస్తుంది. రాత్రిపూట ఏనుగులు నిజంగానే పొలాల మీదికి వస్తాయి, పంట తొక్కేస్తాయి, మనుషుల ప్రాణాలూ పోయాయి. కుప్పం అన్నా, మీ వైపు తల్లులు ఈ పాట ఇలాగే పాడతారా, మాటలేమైనా మారాయా? మీరు విన్నది విన్నట్టు రాయండి.

అలాగే పుంగనూరు వాళ్లకు ఒక మాట. మీ పుంగనూరు ఆవు ప్రపంచంలోని అతి పొట్టి ఆవు జాతుల్లో ఒకటి. దాని మీద పాలు పిండేటప్పుడు పాడేదో, కనుమ నాడు పాడేదో ఒక్క పాటైనా మీ ఇళ్లలో ఉండే ఉంటుంది. ఎనుము మీద ఉన్నా సరే. అవ్వల చేత పాడించి ఫోన్లో రికార్డు చేసి పెట్టండి, మాటలు నేను రాసి ఇక్కడే చేరుస్తాను.